పట్టపురాణి

గుంటూరు మిర్చి యార్డు మూడో గేటు దగ్గర
గోతాల గుట్ట మీద పడుకునేదాన్ని
నేను పట్టపురాణి అంటాను.

ఒక చెవి సగమే ఉంది. తోక వంకర.
ఒంటి రంగు తాలుకాయ రంగు,
ఎరుపూ కాదు, తెలుపూ కాదు,
మచ్చు చూసేవాళ్ళు పక్కకు విసిరేసే రంగు.

గుమస్తా ప్రభుదాసు నవ్వుతాడు.
"ఊరకుక్కకి అంత పేరా పెంటమ్మా?
ఏ టామీయో జిమ్మీయో అనరాదూ?"

అనొచ్చు.
టామీ అంటే నోరు ఇలా తెరుచుకుని అలా మూతపడుతుంది.
పట్టపురాణి అనాలంటే
పెదాలు కలిసి విడిపోవాలి,
నాలుక అంగిట్లో తట్టాలి,
చివర్న "ణి" దగ్గర మడతపడి కాసేపు నిలబడాలి.
పొద్దున్నుంచి తొడిమలు తీసి తీసి
ఘాటుకు మొద్దుబారిన నోటికి
అదొక బెల్లం ముక్క.

నన్ను పిలిచేవాళ్ళు
ఏయ్ అంటారు, ఇదిగో అంటారు,
కాటా దగ్గరైతే ఎన్ని కిలోలు అంటారు, అంతే.
ఎవరి చేతా గారు అనిపించుకోని దాన్ని
ఒక ప్రాణిని రాణీ అని పిలవగలను.
బిరుదులిచ్చేవాళ్ళకి
కోటలే ఉండాలని ఎక్కడ రాసుంది?

నా పేరూ ఊరికే రాలేదు.
నాకు ముందు ముగ్గురు పుట్టారు.
రత్నమాణిక్యం, స్వర్ణాంబ, ఇంకొకామె పేరు
అమ్మ ఎప్పుడూ బయటికి చెప్పలేదు.
మంచి పేర్లు పెట్టుకుంది.
మంచి పేర్లన్నీ చావుకి నచ్చాయి.
నాలుగోసారి నన్ను పెంటకుప్ప మీద దొర్లించి
గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుని
పెంటమ్మ అంది.
చావు వచ్చింది, చూసింది,
ముక్కు మూసుకుని పోయింది.
అరవై రెండేళ్ళుగా ఈ పేరే నా తాయెత్తు.
కానీ తాయెత్తును ఎవరు ముద్దుచేస్తారు?

మొన్న అది నీళ్ళు కూడా ముట్టలేదు.
పశువుల ఆసుపత్రిలో చీటీ రాసే కుర్రాడు
పేరు విని కలం ఆపాడు.
రాయి నాయనా, ట కింద ట వత్తు అన్నాను.
నాకు చదువు రాదు,
ఆ వత్తు ఒక్కటీ అడిగి తెలుసుకున్నాను.

లోపల్నుంచి కేక:
"పట్టపురాణి ఎవరండీ?"
గొలుసుల కుక్కలూ, వాటిని పట్టుకున్న బూట్లవాళ్ళూ
అంతా తిరిగి చూశారు.
దాన్ని ఎత్తుకుని లేచాను.
తలుపు దాకా ఏడడుగులు.
ఆ ఏడడుగులూ
నన్ను పక్కకి జరగమన్నవాళ్ళు లేరు.

సూది వేశారు. ఈ రాత్రి గడవాలి అన్నారు.

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
గోతాల మధ్య దాని తల ఒళ్ళో పెట్టుకుని
మొదటిసారి ఆ పేరు పలకడానికి భయపడ్డాను.
అమ్మ భయం ఇన్నేళ్ళు నడిచొచ్చి
నా గొంతులో చతికిలబడింది.
సగం చెవి దగ్గరికి వంగి
"పెంటమ్మా" అన్నాను.
"ఒసే పెంటమ్మా, పడుకోవే."
నా పేరు ఒక్క రాత్రికి అరువిచ్చాను.
గేటు దగ్గర ఏదో ఆగిన చప్పుడు.
లారీ అయ్యుండొచ్చు.
ఇక్కడ రాణులెవరూ లేరని
చీకటికి చెప్పాను.

తెల్లారి టిక్కీలు దించే కేకలు.
గాలి తిరిగింది, కోరు లేచింది.
నాకంటే ముందు అదే తుమ్మింది.
పట్టపురాణీ అన్నాను,
గట్టిగా, ఏ అక్షరమూ మింగకుండా.
వంకర తోక గోతం మీద
ఒక్క దెబ్బ కొట్టింది. ఒక్కటే.
దుమ్ము లేచింది.

"ఏయ్, తేజ వచ్చింది, చేటలు తే!"
కాటా దగ్గర్నుంచి ప్రభుదాసు.
వస్తున్నా అన్నాను.
నా పేరు నా దగ్గరికి తిరిగొచ్చింది,
కాస్త కుక్క వాసనతో.